బరకత్‌కి తొందర లేదు

మన మొహల్లాల్లో డబ్బు దాచుకోవడం గురించి మాట్లాడేవాళ్లు రెండు రకాలు. ఒకరు, "సూద్ హరామ్, షేర్లంటే జువా, అందుకే ఏం వచ్చినా బంగారం కొని బీరువాలో పెడతాను" అంటారు. రెండోవారు, "ఫలానా భాయ్ దగ్గర పెట్టాను, హలాల్ కారోబార్, లక్షకి నెలకి మూడు వేలు మునాఫా ఇస్తున్నాడు, మాషా అల్లాహ్" అంటారు. ఏలూరు, ఉంగుటూరు, తాడేపల్లిగూడెం, ఇటు కైకలూరు దాకా విలేకరిగా తిరిగిన ఇన్నేళ్లలో ఈ ఇద్దరినీ లెక్కలేనన్నిసార్లు కలిశాను. తమాషా ఏంటంటే, చాలాసార్లు ఆ ఇద్దరూ ఒక్కరే. పదేళ్లు బంగారం దాచి, పదకొండో ఏట అది అమ్మి ఫలానా భాయ్ చేతిలో పోసినవాళ్లే.

నా మాట ముందే చెప్పేస్తాను. ఈ రెండింటికీ మధ్యలో ఒక రాస్తా ఉంది. కొంచెం కొంచెంగా, రకరకాల చోట్ల, పదిహేను ఇరవై ఏళ్ల నియత్‌తో హలాల్ సొమ్ముని పెంచుకునే రాస్తా. దీన్‌కీ దునియాకీ అదే దగ్గర అని నా యకీన్. కానీ మన మింబర్ మీద నుంచి దాని గురించి వినడం చాలా అరుదు. సూద్ హరామ్ అని ప్రతి ఏడాదీ ఖుత్బాలో వింటాం, బాగుంది. మరి చెమటోడ్చి సంపాదించింది ఎక్కడ పెట్టాలి? అక్కడ ఖామోషీ. ఆ ఖామోషీలోకే ఫలానా భాయ్‌లు వచ్చి కూర్చుంటున్నారు.

మన జిల్లా సంగతే తీసుకోండి. అగ్రిగోల్డ్ కేసు రాష్ట్రమంతా తెలిసిందే. 2015 జనవరిలో ఆ కేసు నమోదైంది ఏలూరు పక్కనున్న పెదపాడు పోలీస్ స్టేషన్లో. నెలనెలా వాయిదాలు కట్టండి, గడువు తీరాక స్థలమైనా ఇస్తాం, దాని విలువైనా ఇస్తాం అన్నారు. ఏడెనిమిది రాష్ట్రాల్లో దాదాపు 32 లక్షల మంది దగ్గర సుమారు 6,380 కోట్లు వసూలు చేశారని ఈడీ లెక్క. ఎవరు కట్టారు? బస్టాండు దగ్గర పళ్లు అమ్మేవాళ్లు, టైలర్లు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు. ఎవరు కట్టించారు? అదే వీధిలో ఉండే ఏజెంటు, చాలాసార్లు చుట్టమే. ప్రభుత్వం 2019 నవంబరులో పదివేల లోపు వాళ్లకీ, 2021 ఆగస్టులో ఇరవై వేల లోపు వాళ్లకీ ఖజానా నుంచి డబ్బిచ్చింది. అంతకంటే ఎక్కువ పెట్టినవాళ్లు ఏళ్ల తరబడి కాగితాలు పట్టుకుని తిరిగారు.

అందులో అన్ని మతాలవాళ్లూ మునిగారు. మనకి ప్రత్యేకంగా ఇంకో దెబ్బ ఉంది, అది హలాల్ పేరుతో తగిలింది. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన హీరా గ్రూప్ అధినేత నౌహీరా షేక్‌ని 2018 అక్టోబరులో అరెస్టు చేశారు. సూద్ లేని హలాల్ వ్యాపారం అన్నారు, ఏడాదికి 36 శాతం పైగా లాభం అన్నారు. సుమారు 1,72,000 మంది దగ్గర 5,600 కోట్ల పైచిలుకు సేకరించారని ఈడీ చెప్పింది. మరుసటి ఏడాది జూన్‌లో బెంగళూరులో ఐ మానిటరీ అడ్వైజరీ, మనవాళ్ల నోట ఐఎంఏ, మూతపడింది. దాన్ని నడిపిన మన్సూర్ ఖాన్ దుబాయ్ వెళ్లిపోయి, జులైలో ఢిల్లీలో దిగగానే దొరికాడు. నేరం ఎవరిదో, ఎంతో తేల్చడం అదాలత్‌ల పని. కానీ మహర్ సొమ్ము, గల్ఫ్ కమాయి, బిడ్డ నికాహ్ కోసం దాచినది పోగొట్టుకున్న ఇళ్లలో వెలితి ఏ తీర్పుతో నిండుతుంది?

అప్పట్లో ఒక ఖాలా నన్ను అడిగిన సవాల్ ఇప్పటికీ గుర్తుంది. "బేటా, ఇందులో సూద్ లేదంట, కలిమా చదివే మనుషులే నడుపుతున్నారంట. ఇంకేం చూడాలి?" చాలా చూడాలి ఖాలా. సూద్ లేకపోవడం ఒక షరతు మాత్రమే. వ్యాపారం నిజంగా ఉందా, లెక్కలు ఎవరు తనిఖీ చేస్తున్నారు, నుక్సాన్ వస్తే ఎవరిది, నా డబ్బు నాకు కావాలంటే ఏ రోజు వస్తుంది, ఇవన్నీ వేరే సవాళ్లు. ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ దేని గురించో తెలుసా? అప్పు లావాదేవీని రాసుకోవడం గురించి, గవాహీ పెట్టుకోవడం గురించి. నమ్మకం ఉన్నచోట కూడా కాగితం అడగమన్న దీన్ మనది. గడ్డం చూసి, సలాం చూసి సంచి విప్పమని ఎక్కడా చెప్పలేదు.

ఇంకో సంగతి. ముదారబాలో, అంటే ఒకరి పెట్టుబడి, ఒకరి మెహనత్‌తో చేసే కారోబార్‌లో, లాభాన్ని ఇంత వాటా అని మాట్లాడుకోవాలి. పెట్టినదాని మీద నెలకి ఇంత అని ఖాయంగా కడితే అది సూద్ లాంటిదే అవుతుందని ఉలమా చెప్తారు. అంటే "నెలకి మూడు వేలు గ్యారంటీ" అన్న మాట వినగానే రెండు అనుమానాలు రావాలి, దీన్ వైపు నుంచి ఒకటి, అఖల్ వైపు నుంచి ఒకటి.

అఖల్ లెక్క చేద్దాం. నెలకి మూడు శాతం అంటే ఏడాదికి 36. ఆ లాభాన్ని తీయకుండా అందులోనే తిప్పితే లక్ష రూపాయలు పదేళ్లలో ఇరవై ఒక్క లక్షలు దాటుతాయి. ఇరవై ఏళ్లకి నాలుగు కోట్ల అరవై లక్షల పైన. ఇంత విద్య చేతిలో ఉన్నవాడికి మీ లక్ష దేనికి? తన ఇల్లు తాకట్టు పెట్టి ఒక్కసారి మొదలెడితే చాలు కదా.

ఇప్పుడు మొదటి రకం వాళ్ల దగ్గరికి వద్దాం, బీరువా వాళ్ల దగ్గరికి. వాళ్లది సేఫ్ అనుకుంటాం. నిసాబ్ దాటిన సొమ్ము మీద ఏడాదికి రెండున్నర శాతం జకాత్ ఫర్జ్. నగదు ఊరికే పడి ఉంటే, ఏటా దాంట్లోంచే జకాత్ తీస్తూ పోతే, ఇరవై ఏళ్లకి లక్ష కాస్తా అరవై వేల దగ్గరికి వస్తుంది. పైగా ధరలు. ఇరవై ఏళ్ల కిందట తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో వంద రూపాయలకి వచ్చిన సంచీ ఇప్పుడొస్తుందా? యతీముల సొమ్ముని జకాత్ తినేయకుండా వ్యాపారంలో పెట్టమని హజ్రత్ ఉమర్ (రజి.) చెప్పినట్టు ఇమామ్ మాలిక్ ముఅత్తాలో ఉంది. అంటే సొమ్ముని కదలకుండా పెట్టడం తఖ్వా అని మన బుజుర్గులు అనుకోలేదు. జకాత్ ఒక రకంగా మనల్ని వెనక నుంచి తోసే చెయ్యి: డబ్బుని పనిలో పెట్టు, నలుగురికీ రోజీ దొరికేలా చెయ్యి అని.

నేను ఉర్దూ మీడియం బడిలో చదివాను. లెక్కల పుస్తకంలో రెండు పాఠాలుండేవి, సూద్-ఎ-ముఫ్రద్, సూద్-ఎ-మురక్కబ్. తెలుగులో బారువడ్డీ, చక్రవడ్డీ. సూద్ అన్న మాట ఉంది కాబట్టి ఆ పాఠాన్ని పరీక్ష కోసం చదివి అక్కడే వదిలేశాం. ఆ హిసాబ్ మునాఫాకీ వర్తిస్తుందని ఎవరూ చెప్పలేదు. దుకాణంలో వచ్చిన లాభంతో ఇంకో బస్తా సరుకు దింపితే, ఆ బస్తా లాభంతో మరో బస్తా దింపితే, అదీ మురక్కబే, నిండు హలాల్. నెలకి వెయ్యి చొప్పున ఇరవై ఏళ్లు పెడితే మన చేతి నుంచి పోయేది రెండు లక్షల నలభై వేలు. అది ఏడాదికి సగటున పది శాతం పెరిగిందనుకుంటే ఏడు లక్షలు దాటుతుంది, ఆరు శాతమే పెరిగితే నాలుగున్నర లక్షల దాకా వస్తుంది. ఇంతే వస్తుందని జమానత్ ఎవరూ ఇవ్వలేరు, ఇస్తానన్నవాడిని నమ్మకండి. నేను చెప్పేది, ఈ లెక్కలో అసలు పని చేసేది శాతం కన్నా ఏళ్లు. మొదటి ఐదేళ్లు ఏమీ జరుగుతున్నట్టే ఉండదు. అక్కడే చాలామంది సబర్ పోతుంది.

సబర్ అంటే ఏంటో మన మెట్ట రైతుని అడగండి. పెదవేగి, ద్వారకా తిరుమల వైపు పామాయిల్ తోటలు చూసే ఉంటారు. మొక్క నాటాక గెలలు రావడానికి మూడు నాలుగేళ్లు. ఆ లోపు ఇల్లు గడవద్దా? అందుకని వరసల మధ్య అరటో, మొక్కజొన్నో, కూరగాయలో వేస్తారు. చెట్టు అందుకున్నాక పాతికేళ్ల పైన కాపు. పెట్టుబడి పెట్టే మనిషికి ఇంతకన్నా మంచి సబఖ్ లేదు. పొడవైన పంట వేయాలి, అది వచ్చేదాకా తినడానికి పొట్టి పంట పక్కన ఉండాలి. ఆ పొట్టి పంట లేనివాడు మూడో ఏట చెట్టు నరికి కట్టెలకి అమ్ముకుంటాడు.

హజ్రత్ యూసుఫ్ (అ.స.) కిస్సా మనందరికీ తెలుసు. ఏడేళ్ల పుష్కలంలో పక్కన పెట్టిన ధాన్యమే ఏడేళ్ల కరువుని దాటించింది. అది మనం ఆయన సబర్ కోసం చెప్పుకుంటాం, ఆయన హిసాబ్ కోసం చెప్పుకోం.

ఇక అన్నీ ఒకేచోట పెట్టడం. ఈ సంగతి కొల్లేరు పక్కన పుట్టినవాళ్లకి వేరేగా చెప్పక్కర్లేదు. 1999లో కొల్లేరుని +5 కాంటూరు దాకా అభయారణ్యం చేశారు. చెరువులు తవ్వడం, లీజులకివ్వడం మాత్రం ఆగలేదు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో పొక్లెయిన్లు వచ్చి గట్లు తెంపేశాయి. సరస్సు కోసం అది కావలసిన పనే అని నేననుకుంటాను. కానీ పెద్దవాళ్ల లీజుల్లో వాటాలుగా చిన్నవాళ్లు పెట్టిన సొమ్ము కూడా ఆ నీళ్లతోపాటే పోయింది. చట్టం ఒప్పని చోట పెట్టిన పెట్టుబడి ఎన్నేళ్లు లాభమిచ్చినా ఆఖరికి గట్టు తెగుతుంది. చట్టం ఒప్పిన చోటా ఖత్రా ఉంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది, ఇక్కడ రొయ్యల రైతు గుండె ఆగినంత పనైంది. వాషింగ్టన్‌లో సంతకం, కైకలూరులో నుక్సాన్. చెరువున్నవాడు లాభం వచ్చిన ఏడాది కొంత తీసి, చెరువుతో ఏ రిష్తా లేని చోట పెట్టుకోవాలి. చాలామంది ఏం చేస్తారు? ఇంకో చెరువు లీజుకి తీసుకుంటారు.

మన ఏలూరు తివాచీ నేతగాళ్ల సంగతీ అంతే. తంగెళ్లమూడి మగ్గాల మీద ముడి ముడిగా నేసిన తివాచీ విదేశాలకి వెళ్లిన పేరు గొప్పది. ఆ హునర్ మీద తప్ప ఇంకో ఆసరా లేని ఇళ్లు, గిరాకీ తగ్గిన రోజున ఎంత నలిగాయో ఆ గల్లీల్లో తెలుసు.

"మనవాడు" అన్న నమ్మకం కూడా ఒక గంప లాంటిదే. సత్యం రామలింగరాజు మన పశ్చిమ గోదావరి మనిషి. 2009 జనవరి 7న లెక్కల్లో వేల కోట్ల అబద్ధం ఉందని ఆయనే ఉత్తరం రాశారు. ఆ ఒక్కరోజులో షేరు విలువలో మూడొంతులకి పైగా పోయింది. పేరున్న కంపెనీ, పెద్ద ఆడిటర్, జిల్లా అభిమానం, ఏవీ కాపాడలేదు. ఆ షేరు తమ సొమ్ములో ఇరవయ్యో వంతు ఉన్నవాళ్లు బాధపడి ఊరుకున్నారు. మొత్తం అందులోనే ఉన్నవాళ్లు లేవలేదు.

అయితే షేర్లే వద్దా? వద్దనను. ఒక కంపెనీలో వాటా కొనడం అంటే ఆ కారోబార్‌లో షరీక్ కావడం, లాభంలోనూ నుక్సాన్‌లోనూ. అది అసలు రూపంలో జువా కాదు. హరామ్ వ్యాపారాల్ని, అంటే బ్యాంకులు, శరాబ్, జూదం లాంటివాటిని పక్కన పెట్టి, అప్పులు ఎక్కువున్న కంపెనీల్ని తీసేసి తయారుచేసిన షరియా సూచీలు మన స్టాక్ ఎక్స్ఛేంజీల్లోనే ఉన్నాయి, నిఫ్టీ 50 షరియా లాంటివి. దాన్ని అనుసరించే ఈటీఎఫ్ ఉంది, టాటా ఎథికల్, టారస్ ఎథికల్ లాంటి మ్యూచువల్ ఫండ్లు ఉన్నాయి. ఇవన్నీ సెబీ కింద నడిచేవి. ఏ రోజు ధర ఆ రోజు కనిపిస్తుంది, తీసుకోవాలంటే కొన్ని రోజుల్లో ఖాతాలో పడుతుంది.

వీటికీ ఐబ్‌లు ఉన్నాయి. బ్యాంకుల్ని తీసేస్తే సాఫ్ట్‌వేర్ కంపెనీల బరువు ఎక్కువవుతుంది, వాటికి జలుబు చేస్తే ఈ ఫండ్లకి జ్వరం వస్తుంది. కంపెనీ ఆదాయంలో కొంచెం వడ్డీ కలిసినా, సాధారణంగా ఐదు శాతం లోపు అయితే, చల్తా అని కొందరు ఉలమా అంటారు, ఆ మేరకు లెక్కగట్టి సవాబ్ ఆశ లేకుండా ఇచ్చేయమంటారు. ఆ ఐదు శాతాన్నే ఒప్పుకోని ఉలమా ఉన్నారు. మీకు యకీన్ ఉన్న ముఫ్తీని అడగండి. అడిగి వద్దనుకుంటే అది మీ ఇష్టం, దానికి నా ఇజ్జత్ ఉంది. అడగకుండా ఫలానా భాయ్ దగ్గరికి వెళ్లడమే నాకు మింగుడుపడనిది.

మనకి దారులు తక్కువన్నదీ నిజం. స్టేట్ బ్యాంక్ వాళ్ల షరియా ఫండ్ 2014లో మొదలవ్వబోయే సమయానికి ఆగిపోయింది. ఇస్లామీ బ్యాంకింగ్ ఆలోచనని ముందుకి తీసుకెళ్లకూడదని రిజర్వ్ బ్యాంక్ 2017లో తేల్చేసింది. దానిమీద షికాయత్ చేయొచ్చు, చేయాలి కూడా. కానీ షికాయత్ చేస్తూ కూర్చున్న ఏళ్లు తిరిగి రావు. ఉన్న దారిలో నడుస్తూనే లేని దారి అడగాలి.

మార్కెట్ పడుతుంది. పడదని ఎవరైనా అంటే ఝూట్. 2008 జనవరిలో 21 వేల దగ్గరున్న సెన్సెక్స్ మరుసటి మార్చికి ఎనిమిది వేల దగ్గరికి జారింది. మళ్లీ అక్కడికి చేరడానికి 2010 నవంబరు పట్టింది. 2020 మార్చి 23న ఒక్కరోజులో 13 శాతం పోయింది, ఆ ఏడాది నవంబరుకి పాత గరిష్ఠాన్ని దాటింది. అందుకే మూడేళ్లలో కావలసిన డబ్బు, బిడ్డ కాలేజీ ఫీజు, హజ్ సొమ్ము, ఇంటి స్లాబు ఖర్చు, షేర్లలో ఉండకూడదు. పడినప్పుడు అమ్మక తప్పని పరిస్థితి రాకుండా చూసుకోవడమే ఇందులో సగం ఇల్మ్.

ఇక ఫోన్లో ఆప్షన్లు ఆడే మన నౌజవాన్లు. వాళ్లు దాన్నీ ఇన్వెస్ట్‌మెంట్ అంటున్నారు. సెబీ 2024 సెప్టెంబరులో చెప్పిన లెక్క ప్రకారం మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన మామూలు జనంలో నూటికి 93 మంది నష్టపోయారు. పోయినది లక్షా ఎనభై వేల కోట్ల పైన. దీన్ని ఖిమార్ అనడానికి నాకు ఫత్వా అక్కర్లేదు. తహజ్జుద్ చదివే ఇంట్లో కుర్రాడు అర్ధరాత్రి అప్పు యాప్‌లో తీసుకుని మర్నాడు ఎక్స్‌పైరీ ఆడుతుంటే, షేర్లన్నీ హరామ్ అని కసిరితే వినడు. కంపెనీలో షరీక్ కావడానికీ పందెం కాయడానికీ ఫర్ఖ్ ఏంటో కూర్చోబెట్టి చెప్పాలి.

సరే, చేయాల్సింది ఏంటి? ముందు ఖర్జా తీర్చండి, ముఖ్యంగా సూద్ మీద తెచ్చినది. ఆరు నెలల ఇంటి ఖర్చు చేతికందే చోట ఉంచండి. ఆ తర్వాతే మిగతాది. స్థలం కొంటే ఈసీ, నిషేధిత భూముల జాబితా చూసి కొనండి, పదేళ్లు అమ్మకపోయినా ఫరక్ పడదనుకుంటేనే కొనండి. అందరి సొమ్మూ కలిపి వ్యాపారం చేసి లాభం పంచుతామంటే సెబీ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, అడిగితే ముఖం మాడ్చుకునేవాడికి ఖుదా హాఫిజ్ చెప్పండి.

ఏడాదికోసారి హిసాబ్ చూసుకోవడానికి మనకి ఎవరికీ లేని సౌకర్యం ఉంది: జకాత్ రోజు. చాలామంది రమజాన్‌లో బంగారం, నగదు, సరుకు, రావలసిన బాకీలు అన్నీ రాస్తారు. అదే కాగితం మీద ఇంకో వరస గీయండి. ఉదాహరణకి పది లక్షలున్నాయి, సగం షేర్ల ఫండ్లలో, మూడు వంతులు బంగారంలో, రెండు వంతులు చేతిలో ఉండాలని ముందే అనుకున్నారు. ఏడాది తిరిగేసరికి ఫండు ఐదు నుంచి ఏడు లక్షలైంది, మిగతావి అలాగే ఉన్నాయి. మొత్తం పన్నెండు. సగమంటే ఆరే ఉండాలి. ఒక లక్ష తీసి బంగారానికి అరవై వేలు, చేతికి నలభై వేలు మార్చండి, లేదా కొత్తగా వచ్చే సొమ్ముని అటు మళ్లించండి. ఫండు పడిన ఏడాది ఇదే లెక్క తిరగబడుతుంది, పడినదాన్ని చవగ్గా కొనిపిస్తుంది. పెరిగినప్పుడు లాలచ్‌నీ, పడినప్పుడు భయాన్నీ కాగితమే ఆపుతుంది. దీర్ఘకాలానికి ఉంచుకున్న షేర్ల మీద జకాత్ ఎంత అన్నదాంట్లో ఇఖ్తిలాఫ్ ఉంది కాబట్టి అది అడిగి రాయండి.

ఆ కాగితం ఇంట్లో ఆడవాళ్లకి తెలియాలి. నామినీ పేరు రాసినంత మాత్రాన ఆ నామినీ వారిస్ అయిపోడు, షేర్ల విషయంలో సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో ఇదే చెప్పింది. కొడుకుని నామినీగా పెట్టి భార్యకీ కూతుళ్లకీ షరీఅత్ ఇచ్చిన హక్కు అతని దయకి వదిలేయడం అమానత్‌లో ఖియానత్. ఏది ఎక్కడుందో, ఎవరి హిస్సా ఎంతో రాసి, అందరికీ చదివి వినిపించండి.

చివరిగా మస్జిద్ కమిటీలకి ఒక గుజారిష్. రమజాన్‌కి ముందు ఒక జుమ్మా తర్వాత అరగంట ఇవ్వండి. ఒక ముఫ్తీ సాబ్, పక్కన లెక్కలు తెలిసిన ఒక మనిషి, ఏదీ అమ్మడానికి రానివాడు. జకాత్ హిసాబ్, వసియత్, షరియా ఫండు అంటే ఏంటి, మోసం ఎలా పట్టుకోవాలి, ఈ నాలుగే మాటలు. పరదా వెనక ఆడవాళ్లకీ చోటివ్వండి, ఇల్లు నడిపేది వాళ్లే, మోసపోయాక రాత్రుళ్లు ఏడ్చేదీ వాళ్లే. ఉంగుటూరులో మొదలుపెడతామంటే ఇన్షా అల్లాహ్ చాపలు పరచడానికి నేనొస్తాను.